మనిషి ముఖం - గాజు కటకం

అనంతపురం మెట్టసీమలో మనిషి రూపాన్ని చిత్రించి నిలుపుకోవాలనే కోరిక నిన్న మొన్నటిది కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దిలో వేసిన వర్ణచిత్రాలలో, ఆ గుడిని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో నిలబడి స్వామిని సేవిస్తూ కనిపిస్తారు. అయితే అట్లా తమ రూపం నిలుపుకొనే భాగ్యం ఆనాడు అధికారం, ధనం ఉన్నవారికే దక్కింది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలను పాలించిన కలెక్టరు థామస్ మన్రో ఎట్లా ఉండేవాడో మనకు తెలుసు. చిత్రకారులు, శిల్పులు ఆయన రూపాన్ని నిలిపారు. ఆయన కచేరీలో శిస్తు కట్టిన రైతు ముఖం మాత్రం ఎవరూ చిత్రించలేదు. మన్రో 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు. మరి 12 ఏళ్ళకు, అనగా 1839లో, ఛాయాచిత్రాలు తీసే విద్య లోకానికి వెల్లడి అయింది.

ఆ విద్యలో మనిషి ముఖానికే ప్రత్యేకించి తయారైన కటకం ఒకటి ఉన్నది. దానిని రూపచిత్ర కటకం అందాం. నేడు కొందరు ఔత్సాహికులు 50, 100 ఏళ్ళనాటి ఇట్లాంటి కటకాలను కొత్త డిజిటల్ కెమెరాలకు తగిలించి, ఒకదానితో ఒకటి పోల్చి చూస్తున్నారు. చూచేవారికి ఇది వట్టి వేడుక అనిపించవచ్చు. కాని పాత బొమ్మలో మనకు కనబడే దానిలో గాజు చేసినది ఎంత, రసాయనం చేసినది ఎంత, కెమెరా వెనుక నిలబడిన మనిషి చేసినది ఎంత అని విడదీసి తెలుసుకొనడానికి ఇంతకంటె మంచి ప్రయోగం లేదు. మన సీమ చరిత్రలో ఈ ప్రశ్న ఒకచోట చాలా ముఖ్యమైనది. అది ముందు చూస్తాం.

వెలుగు చాలని కాలం

1839లో ఫ్రాన్సు దేశంలో డగేర్ తన పద్ధతిని ప్రకటించినప్పుడు దానికి వాడిన కటకం షెవాలియే తయారుచేసినది. అది ప్రకృతి దృశ్యాలకు పనికివచ్చేది. బొమ్మ స్పష్టంగా రావడానికి దాని ద్వారాన్ని బాగా చిన్నది చేయవలసి వచ్చేది. కటకపు నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకెను ఎఫ్-సంఖ్య అంటారు. ఆ కటకపు ఎఫ్-సంఖ్య సుమారు 16. లోపలికి పోయే వెలుగు తక్కువ కనుక ఎండలో కూడా పలకకు ఎన్నో నిమిషాలు వెలుగు సోకించవలెను. గోపురం కదలదు గాని మనిషి కదలకుండా, రెప్ప వేయకుండా అంతసేపు కూర్చోగలడా?

ఈ చిక్కును విడదీసినవాడు వియన్నా విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడు జోసెఫ్ పెట్జ్వల్. ఆయన 1807లో, నేడు స్లొవాకియాలో ఉన్న ఒక చిన్న పట్టణంలో పుట్టాడు. అంతవరకు కటకాలు చేసేవారు గాజును అరగదీయడం, చూడడం, మళ్ళీ అరగదీయడం అనే పద్ధతిలో పనిచేసేవారు. పెట్జ్వల్ కాంతి కిరణాల దారిని ముందుగా కాగితం మీద లెక్కకట్టాడు. లెక్కలు విస్తారం కనుక, ఆస్ట్రియా ఫిరంగిదళంలో గుండ్ల గమనాన్ని లెక్కకట్టే సైనికులను కొందరిని ఆయనకు సాయం ఇచ్చారు. గుండు దారిని గణించిన చేతులే కాంతి దారిని గణించాయి.

1840లో ఆ కటకం సిద్ధమైంది. ముందు భాగంలో క్రౌను గాజు, ఫ్లింటు గాజు కటకాలు రెండూ అతికించి ఉంటాయి. వెనుక భాగంలో మరి రెండు కటకాలు నడుమ సందుతో ఉంటాయి. దాని ఎఫ్-సంఖ్య 3.6. వెలుగు ఎఫ్-సంఖ్య వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. 16ను 3.6తో భాగిస్తే సుమారు 4.44, దాని వర్గం దాదాపు 20. అనగా పాత కటకం 20 నిమిషాలలో ఇచ్చిన వెలుగును కొత్తది 1 నిమిషంలో ఇస్తుంది. ఈలోగా పలకల రసాయనాలు కూడా మెరుగై, కూర్చోవలసిన కాలం క్షణాలలోకి దిగింది. మనుషుల బొమ్మలు తీయడం ఒక వృత్తి అయింది.

కటకాన్ని తయారుచేసి అమ్మిన ఫోక్ట్‌లెండర్ సంస్థ బాగా సంపాదించింది. పెట్జ్వల్‌కు ముట్టినది ఒకేసారి ఇచ్చిన కొద్ది మొత్తం. ఇద్దరికీ చెడింది. 1859లో ఆయన ఇంట్లో దొంగలు పడి, దృశాశాస్త్రం మీద ఆయన వ్రాసిన వ్రాతప్రతి నాశనమైంది. ఆ గ్రంథాన్ని ఆయన తిరిగి వ్రాయలేదు. 1891లో మరణించాడు.

ఈ కటకానికి ఒక లోపం ఉన్నది. ఎదుట ఉన్న సమతలపు ప్రతిబింబం సమతలం మీద పడక, గిన్నెలాగా వంగిన తలం మీద పడుతుంది. పలక మాత్రం చదును గదా! అందువల్ల నడుమ స్పష్టంగా ఉన్న బొమ్మ అంచులకు పోయేకొద్దీ మసకబారుతుంది. కోటగోడను తీయడానికి ఇది దోషం. ముఖాన్ని తీయడానికి మాత్రం ఇదే అక్కరకు వచ్చింది. కళ్ళు, పెదవులు స్పష్టంగా నిలిచి, చుట్టూ ఉన్నవి మెత్తగా కరిగిపోతాయి. చూపు ముఖం మీదనే ఆగుతుంది.

ధాత కరువు బొమ్మలు

ఈ విద్య మన దేశానికి త్వరగానే వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1856లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమించింది. తరువాతి కాలంలో హైదరాబాదులో 6వ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా రాజా దీనదయాళ్ పేరు పొందాడు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1905లో మరణించాడు. నవాబులు, దొరలు, వారి కుటుంబాలు ఆయన కెమెరా ముందు కూర్చున్నారు.

ఇంతలో 1876 వచ్చింది. అది ధాత నామ సంవత్సరం. వానలు ముఖం చాటువేశాయి. మరుసటి ఏడు కూడా నైరుతి వానలు సరిగా పడలేదు. ఆ కాలంలో పసిఫిక్ మహాసముద్రంలో ప్రబలమైన ఎల్‌నినో ఏర్పడిందని నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1876-78 నడుమ దక్షిణదేశంలో లక్షల మంది ఆకలికి, అంటురోగాలకు బలి అయ్యారు. అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. ప్రత్యేక జిల్లా అయినది 1882లో. బళ్ళారి జిల్లా ఆ కరువుకు తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. వానలేమితో పాటు పాలనా విధానం కూడా దీనికి తోడయింది. సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై 1877లో కరువుపనులలో మగమనిషి కూలిని ఒక పౌను ధాన్యం విలువకు, పైన ఒక అణాకు తగ్గించారు. రోజంతా రాళ్ళు కొట్టే మనిషి దానితో బ్రతకలేడని మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు.

ఆ రోజులలోనే మద్రాసు సైన్యపు అధికారి విలబీ వాలెస్ హూపర్ రాష్ట్రంలో కరువు జనాన్ని ఛాయాచిత్రాలు తీశాడు. ఎముకల గూళ్ళుగా మిగిలిన స్త్రీలు, పురుషులు, పిల్లలు గుంపులుగా కూర్చుని కెమెరాను చూస్తూ ఉంటారు. కడుపు నిండిన దొరను కదలకుండా కూర్చోమనడం వేరు. నిలబడే ఓపిక లేని మనిషిని కూర్చోబెట్టి బొమ్మ తీయడం వేరు. ఈ హూపరే 1886లో మాండలేలో మరణశిక్షలు అమలు జరుగుతుండగా, తుపాకులు పేలే క్షణానికి బొమ్మ తీయజూచాడని గొప్ప అలజడి చెలరేగి, అతని మీద విచారణ జరిగింది.

అయినా ఈ కరువు బొమ్మలను కొట్టిపారవేయలేము. కరువు ఎట్లాంటిదో కళ్ళకు కట్టే సాక్ష్యం అది. అంతకు ముందు ఏ చిత్రకారుడూ పట్టించుకొనని పేదవారి ముఖాలు అందులో ఉన్నాయి. కనుక ఆ సాక్ష్యాన్ని సరిగా చదవడం నేర్చుకోవలెను. ఆ ముఖాలు అంత నల్లగా ఎందుకు ఉన్నాయి? ఆకాశం తెల్లకాగితంలా ఎందుకు ఉన్నది? ఇది కటకం పనా, పలక పనా, మనిషి పనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది నేటి డిజిటల్ కెమెరాయే.

గాజు మారిన విధం

పెట్జ్వల్ తరువాతి కథను క్లుప్తంగా చెప్పుకొందాం. 1866లో లండనులో డాల్‌మెయర్ వెనుక కటకాలను తారుమారు చేసి, ముఖాన్ని కావలసినంత మెత్తగా చూపే రూపచిత్ర కటకం తెచ్చాడు. 1884లో జర్మనీలోని యేనా పట్టణంలో షాట్, అబ్బే కలిసి కొత్తరకపు గాజులు పోయసాగారు. వాటివల్ల ప్రతిబింబం వంకరను సరిదిద్దడం వీలయింది. 1893లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ మూడే మూడు గాజులతో ట్రిప్లెట్ అనే కటకాన్ని చేశాడు. 1896లో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ కటకాన్ని, 1902లో టెస్సార్ కటకాన్ని రూపొందించాడు. ప్లానార్ వంశంలోనిదే బయోటార్. దాని అచ్చులో సోవియట్ దేశంలో తయారైన హీలియోస్-44 అనే 58 మిల్లీమీటర్ల, ఎఫ్/2 కటకం జెనిత్ కెమెరాలతో పాటు లోకమంతా తిరిగింది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. గాలికి, తేమకు రంగు మారిన పాత కటకాలు కొత్తవాటికంటె ఎక్కువ వెలుగును లోపలికి పంపుతున్నాయని టేలర్ 1890ల నాటికే గమనించాడు. కారణం ఇది. సాధారణ గాజు ఉపరితలం తనపై పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనుకకు పరావర్తనం చేస్తుంది. పెట్జ్వల్ కటకంలో గాలి తగిలే తలాలు 6. ఒక్కొక్క తలం 96 శాతం వెలుగును పంపితే, ఆరు తలాలు దాటేసరికి మిగిలేది సుమారు 78 శాతం. హీలియోస్‌లో 6 గాజులు 4 కూటములుగా ఉంటాయి. గాలి తగిలే తలాలు 8. పూత లేకుంటే 72 శాతమే మిగులుతుంది. పరావర్తనమైన వెలుగు అట్లే పోదు. గాజుల నడుమ తిరిగి తిరిగి బొమ్మపై తెల్లటి పొరగా పడుతుంది. రంగు మారిన పలుచని పొర ఈ పరావర్తనాన్ని తగ్గించింది. ఆ పొరనే కావాలని వేసే పద్ధతిని 1935లో జైస్ సంస్థలో స్మకులా కనిపెట్టాడు. నేటి కటకాలపై ఊదా, ఆకుపచ్చ మెరుపు ఆ పూతదే.

పాత కటకం, కొత్త కెమెరా

పాత కటకాన్ని కొత్త కెమెరాకు తగిలించాలంటే ఒక కొలత కుదరవలెను. కటకం బిగించే అంచు నుండి పలక వరకు ఉండవలసిన దూరం అది. హీలియోస్ వంటి 42 మిల్లీమీటర్ల మరచుట్టు కటకాలకు ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు. అద్దం ఉన్న పాత కెమెరాలలో ఈ దూరం ఎక్కువగా ఉండేది. 2008 నుండి అద్దంలేని డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఉదాహరణకు సోనీ వారి అద్దంలేని కెమెరాలలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. తీసివేస్తే మిగిలేది 27.46 మిల్లీమీటర్లు. ఆ పొడవు గల గొట్టం ఒకటి నడుమ బిగిస్తే చాలు. పాత కటకాలకు మళ్ళీ బ్రతుకు వచ్చింది ఈ చిన్న తీసివేత వల్లనే!

పెట్జ్వల్ కటకం మాట ఏమిటి? పాత ఇత్తడి కటకాలు అందరికీ దొరకవు. కాని టూరింగ్ టాకీసులలోను, సినిమాహాళ్ళలోను వాడిన ప్రొజెక్టరు కటకాలలో చాలావరకు పెట్జ్వల్ తరహావే. మూలపడిన ప్రొజెక్టరు కటకం ఒకటి దొరికితే, నల్ల అట్టతో ఒకదానిలో ఒకటి జరిగే రెండు గొట్టాలు చేసి కెమెరాకు అమర్చవచ్చు. కటకం గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడరాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

పోల్చి చూస్తే

పోల్చేటప్పుడు ఒక్క కటకం తప్ప తక్కినవన్నీ మారకుండా ఉండవలెను. కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, కూర్చునే మనిషిని 2 మీటర్ల దూరంలో నీడపట్టున ఉంచి, వెనుక 10 మీటర్ల అవతల వేపచెట్టో చింతచెట్టో ఉండేట్లు చూడండి. ఉదయం పూట తీయడం మంచిది. మన సీమలో మధ్యాహ్నం నేల కాలి, పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరపు వస్తువులు చెదరి కనబడతాయి. గాలి తప్పును గాజుపై మోపరాదు.

పెట్జ్వల్ తరహా కటకంలో నడుమ ముఖం నిశితంగా ఉండి, అంచులు కరిగిపోతాయి. వెనుక ఆకుల సందులలోని వెలుగుచుక్కలు ముఖం చుట్టూ సుడి తిరిగినట్లు ఉంటాయి. హీలియోస్‌లోనూ ఈ సుడి కనబడుతుంది. దీనిలో మాయ ఏమీ లేదు. వాలుగా వచ్చే కిరణాలను కటకపు గొట్టం అంచులు కొంత కత్తిరిస్తాయి. గుండ్రని వెలుగుబిళ్ళ నిమ్మకాయ ఆకారం పొందుతుంది. ఆ నిమ్మకాయలన్నీ బొమ్మ కేంద్రం చుట్టూ వరుస తీరడం వల్ల సుడి అనిపిస్తుంది. ద్వారాన్ని ఎఫ్/8కి తగ్గించండి, సుడి మాయమవుతుంది. పాత ట్రిప్లెట్ కటకాలు కొన్నింటిలో వెలుగుచుక్కలు సబ్బుబుడగల వలె అంచు మెరుస్తూ కనబడతాయి. గోళీయ విపథనాన్ని అవసరానికి మించి సరిదిద్దడం దానికి కారణం. 1960లనాటి తకుమార్ కటకాలలో కొన్ని బొమ్మకు పసుపుఛాయ ఇస్తాయి. వాటి గాజులో థోరియం ఉండి, దాని కిరణాలవల్ల గాజు ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగింది. అట్టి గాజును అరగదీయరాదు, పగులగొట్టరాదు. కొత్త కటకం మాత్రం అంచు నుండి అంచు వరకు ఒకే తీరుగా ఉంటుంది. ఎదురువెలుగులోను తెల్లపొర పట్టదు.

ముక్కు పెద్దదిగా కనబడడం మాత్రం కటకం దోషం కాదు. ముక్కు చెవులకంటె 10 సెంటీమీటర్లు ముందు ఉందనుకొందాం. 50 సెంటీమీటర్ల నుండి తీస్తే ముక్కు దూరం 50, చెవుల దూరం 60. ముక్కు 20 శాతం పెద్దదవుతుంది. 2 మీటర్ల నుండి తీస్తే 200కు 210. తేడా 5 శాతమే. రూపచిత్రానికి 85, 100 మిల్లీమీటర్ల కటకాలు వాడేది ఇందుకే. అవి మనను తగినంత దూరంలో నిలబెడతాయి.

నీలి వెలుగు పరీక్ష

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పెట్జ్వల్ తరహా పాత కటకంతో డిజిటల్ కెమెరాలో మన ఊరి మనిషిని తీస్తే చామనఛాయ చామనఛాయగానే వస్తుంది. ఎర్రనేల ఎర్రనేలగానే వస్తుంది. అంటే ముఖాన్ని నల్లగా చేసినది కటకం కాదు. మరి ఏమిటి? 1851లో ఆర్చర్ కనిపెట్టిన తడిపలక పద్ధతి 1870ల వరకు అంతటా వాడుకలో ఉన్నది. ఆ పలకకు నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలే సోకుతాయి. ఎరుపు, పసుపు దానికి చీకటితో సమానం. పలకలకు రంగుద్రవ్యాలు కలిపితే తక్కిన రంగులను కూడా గ్రహిస్తాయని ఫోగెల్ 1873లో కనుగొన్నాడు. అన్ని రంగులనూ గ్రహించే పలకలు అంగడికి వచ్చినది 1906లో.

దీనిని పాఠశాలలోనే రుజువు చేయవచ్చు. డిజిటల్ సెన్సారుపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడలు ఉంటాయి కనుక ఏ బొమ్మలోనైనా మూడు వర్ణాలను విడదీయవచ్చు. ఒక విద్యార్థిని ఎర్రనేలపై, నీలాకాశం కింద నిలిపి మొబైల్ ఫోనుతో బొమ్మ తీయండి. కంప్యూటరులో నీలి వర్ణాన్ని మాత్రమే ఉంచి నలుపు తెలుపులో చూడండి. ఆకాశం తెల్లబడుతుంది, నేల నల్లబడుతుంది, పిల్లవాని ముఖం రెండు మూడు వన్నెలు నలుపెక్కి, నుదుటి గీతలు, చెంపల లోతులు ఎత్తి చూపినట్లు కనబడతాయి. తరువాత ఎరుపు వర్ణాన్ని మాత్రమే ఉంచి చూడండి. అదే ముఖం, అదే క్షణం, వేరే మనిషిలాగా ఉంటాడు!

ఇప్పుడు 1877నాటి బొమ్మలను తిరిగి చూస్తే లెక్క తేలుతుంది. అంచుల మసక కటకానిది. ముఖాల నలుపులో కొంత, ఆకాశపు తెలుపు రసాయనానివి. ఎముకలు మాత్రం కటకం కల్పించినవీ కావు, పలక కల్పించినవీ కావు. అవి నిజం. ఆ మనుషులను వరుసగా కూర్చోబెట్టడం తీసినవాని నిర్ణయం. ఆ బొమ్మల కింద కూర్చున్నవారి పేర్లు లేవు. అది గాజు లోపం కాదు, రసాయన లోపం కాదు, ఎవరూ అడగకపోవడమే.

మన ఊళ్ళలో నల్లగుడ్డ కప్పిన చెక్క కెమెరాలతో, కటకం మూత తీసి అంకెలు లెక్కపెట్టి మళ్ళీ మూత పెట్టి, మూడు తరాల మనుషులను తీసిన స్టూడియోలు ఉండేవి. డిజిటల్ కెమెరాలు వచ్చాక చాలావరకు మూతపడ్డాయి. వాటి ఇత్తడి కటకాలను తూకానికి వేయకముందే ఉపాధ్యాయులు, విద్యార్థులు వెళ్ళి చూడండి. కటకం అంచుపై చెక్కిన పేరు, అంకెలు వ్రాసుకోండి. ధూళిని గుడ్డతో తుడవక ముందు ఊది పోగొట్టండి. మన మెట్టనేల ధూళిలోని ఇసుక గాజుపై గీతలు పెడుతుంది. ఆ స్టూడియో గోడపై పాత బొమ్మలు ఉంటే, అందులో ఉన్నది ఎవరో, ఏ ఏడు తీసినదో పెద్దలను అడిగి వెనుక వ్రాయండి.

ఎంత గొప్ప కటకమైనా ముఖాన్ని పట్టగలదు గాని పేరును పట్టలేదు. ఆ పని మనిషే చేయవలెను.